మావయ్య పరీక్ష

ఆ పరీక్ష నంబరు 317. అమలాపురం ఆఫీసులో దాన్ని ఎవరూ నంబరుతో పిలిచేవారు కాదు. మావయ్య అనేవారు.

ఆఫీసు బస్టాండు వెనక, ఎరువుల కొట్టు మీద మేడ. రొయ్యల చెరువుల గట్ల మీద బిగించే డబ్బాలను అక్కడ తయారుచేస్తారు. డబ్బా నుంచి ఒక తీగ నీళ్ళలోకి దిగుతుంది. నీటిలో ప్రాణవాయువు ఎంతుందో చూసి, తగ్గితే డబ్బా ఏరేటర్లను తిప్పుతుంది. ఏరేటరు చక్రం నీటిని చిమ్మితేనే రొయ్యకు ఊపిరి. డబ్బా లోపల చిన్న కంప్యూటరు ఉంటుంది. ఎప్పుడేం చెయ్యాలో దానికి చెప్పే ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. దాన్ని హైదరాబాదులో రాస్తారు. అది రైతు దగ్గరకు వెళ్ళేముందు సరిగా పనిచేస్తోందో లేదో తేల్చడం సలోమి ఉద్యోగం.

తేల్చేది నిజానికి ఆమె కాదు, రాక్. ఇనప అలమరలో పన్నెండు డబ్బాలు వరసగా ఉంటాయి. చెరువుకు బదులు ఒక్కో డబ్బాకు దొంగ అంకెలు పంపే సర్క్యూటు, ఏరేటర్లకు బదులు బల్బులు. కొత్త ప్రోగ్రాము రాగానే రాక్ తనంతట తానే దాన్ని పన్నెండు డబ్బాల్లోకీ ఎక్కిస్తుంది. కరెంటు తీస్తుంది, ఇస్తుంది. నెట్ తెంపుతుంది, కలుపుతుంది. అలా నాలుగు వందల పన్నెండు పరీక్షలు పెడుతుంది. అన్నీ పచ్చగా వస్తేనే ప్రోగ్రాము బయటకు పోతుంది. ఒక్కటి ఎర్రగా ఉన్నా పోదు.

ఆ నాలుగు వందల పన్నెండులో హైదరాబాదు వాళ్ళకు తట్టనిది 317 ఒక్కటే.

సలోమి మేనమామ బాబూరావు రాజోలు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో ఆపరేటరుగా చేసి, అందులో ఉండగానే పోయాడు. చిన్నప్పుడు ఆయనకు కేరేజీ పట్టుకెళ్ళేది ఆమే. కరెంటు పోతే ఆయన జనరేటరు వేసి, కరెంటు లైను నుంచి జనరేటరుకు మార్చే చేంజోవర్ హేండిల్‌ను గోడ మీద ఇటు నుంచి అటు ఒకే ఊపులో లాగేవాడు. కరెంటు వచ్చాక మళ్ళీ అటు నుంచి ఇటు. మెల్లగా లాగితే లోపల నిప్పురవ్వలు లేచి స్విచ్చి రాగి పళ్ళు మాడిపోతాయి. "అనుమానం ఉన్నోడు హేండిల్ ముట్టుకోకూడదే," అనేవాడు. కోనసీమలో చేంజోవర్ ఉన్న ప్రతిచోటా అలాగే లాగుతారు. డబ్బాతో పాటు రైతుకిచ్చే పుస్తకంలో మాత్రం హేండిల్‌ను మధ్యలో పది సెకన్లు ఆపాలని ఉంది. ఆ పుస్తకం కూడా హైదరాబాదులోనే రాశారు.

కరెంటు వచ్చాక ఒకే ఊపులో వెనక్కి లాగితే డబ్బాకు కరెంటు పోయేది అర సెకను. ఉద్యోగంలో చేరిన మూడో నెలలో సలోమి ఆ అర సెకనును పరీక్షగా రాసింది. కరెంటు తియ్యి, అర సెకను ఆగు, ఇయ్యి, బల్బు వెలిగిందో లేదో చూడు. నలభైసార్లకు ఒకసారి బల్బు వెలగలేదు. ఒక్కోరోజు వందసార్లు పెట్టినా ఒక్కసారీ తప్పలేదు. రాక్ తెర మీద ఎర్ర గడి కనిపించిన పొద్దున్న, బోర్డులకు టంకం పెట్టే జెస్సీ కాఫీ గ్లాసుతో వచ్చి చూసేది.

"ఇవాళ మీ మావయ్య అలిగేడే," అనేది.

పేరు అలా వచ్చింది.

ఫిబ్రవరిలో, రైతులు వేసవి పంటకు చెరువుల్లో రొయ్య పిల్ల వదిలే ముందు, కొత్త ప్రోగ్రాము సిద్ధమైంది. హైదరాబాదులో ప్రోగ్రాము రాసే జట్టుకు పెద్ద ఆకాష్. అతను వీడియో కాల్ చేశాడు.

"సలోమీ, 317 ఒక్కటే ఎరుపు. మళ్ళీ రన్ చేస్తే పచ్చగా వస్తోంది. టెస్టే బాగాలేదేమో."

"ఇక్కడ హేండిల్ అలాగే లాగుతారండి."

"మాన్యువల్‌లో పది సెకన్లని ఉంది కదా?"

"ఉందండి. ఎవరూ ఆపరండి."

"వచ్చే వెర్షన్‌లో చూద్దాం. సోమవారం రిలీజ్ కాకపోతే పంట దాటిపోతుంది. ఏం చేస్తావో నువ్వే చూడు."

ఆమె కాల్ ముగించింది. తర్వాత ఫైలు తెరిచి 317 ఎదురుగా 'దాటవేయి' అని పెట్టింది. కారణం అడిగే చోట 'తర్వాత చూడాలి' అని రాసింది. దాని పక్కన ఆమె పేరు, తేదీ కంప్యూటరే వేసుకుంది. మర్నాడు తెర మొత్తం పచ్చగా ఉంది.

"మావయ్యను పడుకోబెట్టేవా?" అంది జెస్సీ.

"ఆయ్," అంది సలోమి.

ఏప్రిల్ మూడో వారంలో మలికిపురం అవతల పెద్దిరాజు అనే రైతు చెరువు పోయింది. ఒక్క పూటలో రొయ్య చాలామటుకు చచ్చి తేలిపోయింది. డబ్బా పంపిన రికార్డులో మాత్రం నాలుగు ఏరేటర్లూ తెల్లారేదాకా తిరిగినట్టే ఉంది. ఆకాష్ ఆ రికార్డు చూసి, విజిట్ రిపోర్టు ఫారం అక్కడే నింపి పంపాడు. కారణం అన్నచోట 'నిర్వహణ లోపం' అని టైపు చేసి ఉంది.

"మీ వైపు వాళ్ళే కదా. వెళ్ళి డబ్బా తెచ్చేసి, సంతకం పెట్టించు," అన్నాడు.

ఆమె గురువారం పొద్దున్నే రాజోలు బస్సెక్కింది. బోడసకుర్రు వంతెన మీద బస్సు ఆగింది. ముందు కొబ్బరికాయల లారీ టైరు పేలింది. ఆగినంతసేపూ ఆమె ఒడిలో ఫారం పెట్టుకుని ఆ రెండు మాటలే చూస్తూ కూర్చుంది. చెరువు దగ్గర ఆటో దిగేసరికి పదిన్నర.

పెద్దిరాజు షెడ్డు ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సముద్రం మీద చేపల వేటకెళ్ళే కుటుంబం. నాలుగేళ్ళ కిందట పడవ అమ్మి చెరువు కౌలుకు తీసుకున్నాడు. బతికున్న రొయ్యను ముందురోజే వచ్చిన రేటుకు ఎత్తించేశాడు. చచ్చినదాన్ని గట్టు చివర గోతిలో పోసి సున్నం చల్లాడు. వాసన షెడ్డు దాకా వస్తోంది. చుట్టూ పక్కవాళ్ళ చెరువుల్లో ఏరేటర్లు తిరుగుతున్నాయి. గట్టిగా మాట్లాడితే తప్ప వినబడదు.

"కంపెనీ నుంచి వచ్చేరా?" అన్నాడు.

"ఆయ్, బాబాయిగారు. సలోమి అంటారండి. మాది రాజోలేనండి."

"రాజోలా. అయితే మనమ్మాయివే. మీ కంపెనీ ఏమంటందమ్మా?"

"ఏరేటర్లు తెల్లారేదాకా తిరిగినట్టు డబ్బాలో ఉందండి."

"తిరిగితే రొయ్య చస్తదా?"

మోటార్ల గది దగ్గర నిలబడ్డ మనిషి నాలుగడుగులు ముందుకొచ్చాడు. అతను గంగబాబు, పెద్దిరాజు బావమరిది. చెరువు కాపలా అతనిదే.

"తిరగలేదండి మేడంగారూ. లైటు మటుకు పచ్చగానే ఉంది. రెండున్నరకి కరెంటు పోతే జనరేటరేసేను. మూడింటికి కరెంటొచ్చింది. హేండిల్ లాగేను. డబ్బా చూసేను, పచ్చగా ఉంది. ఫోన్లో నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయి. అప్పుడు పడుకున్నానండి."

"చెవుల్లేవురా నీకు?" అన్నాడు పెద్దిరాజు.

"ఇన్ని చెరువులు మోగుతుంటే మనది మోగుతుందో లేదో ఎలా తెలుస్తది బావా?"

"గట్టు తిరిగితే తెలుస్తది."

"గట్టు తిరగక్కర్లేదనే కదా డబ్బా కొన్నావు."

ఆ మాట డబ్బా మూత మీద అచ్చువేసి ఉంది. 'ఇక గట్టు తిరగక్కర్లేదు.' డబ్బాలు రాకముందు కాపలావాళ్ళు గంటకోసారి టార్చిలైటు పట్టుకుని చెరువు చుట్టూ తిరిగి, ఒక్కో చక్రం మీద వెలుగు వేసి చూసేవారు. గంగబాబు పొడుగు టార్చి షెడ్డు గోడకు మేకుకు వేలాడుతోంది.

"మా అయ్య పడవలో ఒక కన్ను తెరుచుకుని పడుకునేవోడమ్మా," అన్నాడు పెద్దిరాజు ఆమెతో. "ఈయన విడిదింట్లో పెళ్ళికొడుకులాగ పడుకున్నాడు."

సలోమి గంగబాబు వైపు తిరిగింది.

"హేండిల్ ఎలా లాగేరండి?"

గంగబాబు చేత్తో చూపించాడు. పైనుంచి కిందికి, ఒకే ఊపు.

"మధ్యలో ఆపలేదాండి?"

"ఎవరాపుతారండి? పళ్ళు మాడిపోవా?"

ఆమె సంచిలోంచి ఫారం తీసింది. పెద్దిరాజు దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఇదేం రాసుందమ్మా?"

"నిర్వహణ లోపం అని ఉందండి."

"అంటే?"

"అంటే, నడిపినవాళ్ళ పొరపాటని అర్థమండి."

పెద్దిరాజు బావమరిది వైపు చూస్తూనే పెన్ను అడిగి తీసుకున్నాడు. సంతకం పెట్టాడు.

"కంపెనీ కూడా అదే అంటందిరా. ఇంక నువ్వు మా గుమ్మం తొక్కకు."

సలోమి పెన్ను తీసుకుని మూత పెట్టింది. ఫారం కిందున్న పచ్చకాయితం కాపీ చింపి పెద్దిరాజుకు ఇచ్చింది. ఆ కాస్త సేపట్లో ఆమె చెప్పగలిగిన మాట ఒకటుంది. చెప్పలేదు.

డబ్బా మేకులు ఊడదీసింది గంగబాబే. పాత పేపరులో చుట్టి ఆటో దాకా మోసుకొచ్చాడు. ఆటోలో పెట్టాక వెంటనే వెళ్ళలేదు.

"ఆ అంకె కదల్లేదండి," అన్నాడు.

"ఏ అంకె అండి?"

"ఐదు పాయింట్ రెండు. తర్వాత ఫోన్లో చూసేను. మూడింటి నుంచి తెల్లారేదాకా అదే. నీళ్ళలో అంకె ఎప్పుడూ కదుల్తానే ఉంటదండి. పడుకునే ముందు రెండు నిమిషాలు నిలబడి చూసుంటే తెలిసేది. అది నా తప్పేనండి."

ఆమె ఆఫీసుకు వచ్చి డబ్బాను రాక్‌లో ఖాళీ గడిలో పెట్టి, 317 ఒక్కదాన్నే రెండు వందలసార్లు పెట్టమంది. జెస్సీ టంకం పక్కన పెట్టి వచ్చి నిలబడింది. ముప్ఫై ఒకటోసారి కరెంటు పోయి వచ్చింది. నాలుగు బల్బులూ ఆరిపోయి ఉన్నాయి. డబ్బా మీద లైటు పచ్చగా ఉంది. తెర మీద 'నాలుగు ఏరేటర్లు నడుస్తున్నవి' అని ఉంది. దొంగ అంకెలు పంపే సర్క్యూటు ప్రాణవాయువును తగ్గిస్తూ పోయింది. డబ్బా చూపించే అంకె కదల్లేదు.

రెండు వందల్లో ఆరుసార్లు అలా జరిగింది.

కారణం పెద్దది కాదు. అర సెకనులో డబ్బా పూర్తిగా చావదు. ఏరేటర్ల స్విచ్చి పడిపోతుంది, నీటి తీగ మూగబోతుంది. కంప్యూటరుకు మాత్రం పాత జ్ఞాపకం మిగిలిపోతుంది. లేచాక అది మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టదు. ఏరేటర్లు తిప్పుతున్నాననే అనుకుంటుంది. చివరిసారి చూసిన అంకెనే చూపిస్తుంది. పది సెకన్లు చచ్చి ఉంటే ఈ చిక్కు లేదు.

ఆమె ఆకాష్‌కు ఫోన్ చేసి చెప్పింది.

"గుడ్. దొరికింది కదా," అన్నాడు. "వారంలో సరిచేసి అన్ని డబ్బాలకూ పంపిద్దాం."

"రిపోర్టు మార్చాలండి. ఆ కాపలా ఆయన తప్పేం లేదండి."

"సంతకం అయిపోయింది కదా సలోమీ. మాన్యువల్ ప్రకారం అతను చేసింది తప్పే. బయట నాలుగు వందల డబ్బాలున్నాయి. ఒకచోట ఒప్పుకుంటే అన్నిచోట్లా ఒప్పుకోవాలి."

"వాళ్ళకి ఇవాళే చెప్పాలండి."

"పది సెకన్లు ఆపమని మెసేజ్ పెడదాం." ఇంకో మాట అడిగాడు. "దాటవేయి అన్నది ఎవరి పేరు మీదుందో చూసుకున్నావా?"

బెదిరింపులా అనలేదు. చూసుకొమ్మన్నట్టే అన్నాడు.

"నా పేరేనండి," అంది ఆమె.

ఫోన్ పెట్టేసి 317 ఎదురుగా ఉన్న మాట తీసేసింది. ఇక అది సరయ్యేదాకా ఏ ప్రోగ్రామూ బయటకు పోదు. శుక్ర, శనివారాలు ఆమె, జెస్సీ కలిసి జాబితాలో ఉన్న రైతులకు ఒక్కొక్కరికే ఫోన్ చేశారు. హేండిల్ లాగాక లైటును నమ్మొద్దు, గట్టు మీదికెళ్ళి చక్రం చూడండి అని చెప్పారు. డబ్బా ఎందుకు కొన్నామని కొందరు అడిగారు. జెస్సీ జాబితాలో తర్వాతి నంబరు నొక్కింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక సలోమి అమ్మతో ఏం చెప్పకుండా మలికిపురం బస్సెక్కింది.

పెద్దిరాజు ఇంటి అరుగు మీద అతని భార్య సత్యనారాయణమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది. గంగబాబుకు అక్క. కుర్చీ తెచ్చి వేసింది, మంచినీళ్ళిచ్చింది. పెద్దిరాజు లోపల్నుంచి వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"గంగబాబుగారు లేరాండి?" అంది సలోమి.

"ఎళ్ళిపోయేడమ్మా," అంది సత్యనారాయణమ్మ. "శుక్రవారం మంగుళూరు పడవల మీదికి. ఇక్కడ గవర్నమెంటోళ్ళు రెండు నెలలు వేట ఆపేసేరు కదా. అక్కడ జూన్ దాకా ఉంటదంట."

సలోమి గ్లాసు కింద పెట్టింది. వచ్చే దారిలో మాటలు వరస పెట్టుకుంది గానీ ఆ వరసలో రాలేదు.

"ఆయన తప్పు లేదండి. తప్పు డబ్బాదండి. హేండిల్ ఒకే ఊపులో లాగితే ఒక్కోసారి ఏరేటర్లు ఆగిపోతాయి, లైటు మాత్రం పచ్చగానే ఉంటుందండి. ఆఫీసులో పెట్టి చూసేను."

పెద్దిరాజు గడప మీంచి ముందుకు వంగాడు.

"ఇప్పుడు తెలిసిందా నీకు?"

"లేదండి. ఫిబ్రవరిలోనే కనబడిందండి. ఆ పరీక్ష నేనే రాసేను. నేనే ఆపేను."

"మరి మొన్న నాచేత సంతకం పెట్టించినప్పుడు?"

"అనుమానం ఉందండి."

"లైటు పచ్చగా ఉంది బావా అన్నాడు ఆడు," అన్నాడు పెద్దిరాజు. "పదిసార్లు అన్నాడు. నేను కాయితాన్ని నమ్మేను."

సత్యనారాయణమ్మ చేతులు తుడుచుకుని లోపలికెళ్ళి, దేవుడి పటం వెనక నుంచి పచ్చకాయితం తెచ్చింది.

"నోటిమాట వద్దమ్మా. దీని మీదే రాసియ్యి. మా తమ్ముడు నిద్రపోయి చెరువు ముంచేసేడని ఊరంతా అనుకుంటంది. పిల్లనిస్తానన్నోళ్ళు కూడా మొన్న కబురెట్టేరు, ఇప్పుడే తొందర లేదని."

సలోమి కాయితం మోకాలి మీద పెట్టుకుంది. 'నిర్వహణ లోపం' కొట్టేసింది. కింద రాసి, రాసినది పైకి చదివింది.

"లోపం డబ్బాలో ఉంది. గంగబాబు హేండిల్ అందరూ లాగినట్టే లాగాడు. ఈ లోపం ఫిబ్రవరిలోనే పరీక్షలో బయటపడింది. ఆ పరీక్షను ఆపింది నేను."

"నిద్రపోలేదని కూడా రాయి," అంది సత్యనారాయణమ్మ.

"నిద్రపోయేనని ఆయనే చెప్పేరు కదండీ."

"పోతే పోయేడు. రాయి."

సలోమి పెన్ను పట్టుకుని ఆలోచించింది. ఇంకో వాక్యం రాసి చదివింది. "లైటు చూసి పడుకున్నాడు. అతన్ని కంపెనీ చూడమన్నది ఆ లైటునే."

కింద సంతకం పెట్టి తేదీ వేసింది. సోమవారం ఈ కాయితం సంగతి ఆకాష్‌కు తనే చెప్పాలి. ఆ తర్వాత రాక్ ముందు కూర్చునేది ఇంకెవరో.

పెద్దిరాజు చెయ్యి చాపాడు. పెన్ను తీసుకుని, కాయితం గడప మీద పెట్టి, తను పెట్టిన సంతకం మీద గీత గీశాడు. పెన్ను దిగబడి అక్కడ కాయితం చిరిగింది.

సత్యనారాయణమ్మ ఫోన్ తెచ్చింది. ఆ ఇంట్లో నెట్ ఉన్న ఫోన్ అదొక్కటే, పెద్దిరాజుది. చెరువు అంకెలు గంగబాబు ఫోన్‌తో పాటు దానికీ వచ్చేవి. ముందు గంగబాబుకు కాల్ చేసింది. స్విచ్చాఫ్ అని వచ్చింది. తర్వాత కాయితాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమని సలోమికి ఇచ్చింది. సలోమి పంపింది. ముగ్గురూ ఫోన్ చుట్టూ చేరి చూశారు.

"ఒక టిక్కే పడిందేంటమ్మా?" అంది సత్యనారాయణమ్మ.

"ఫోన్ ఆన్ చేస్తే రెండోది పడుద్దండి."

"పదిహేను రోజులకోసారి ఒడ్డుకొస్తారంట. అప్పుడు చేస్తాడు కదా?"

"చేసినా చూడడు," అన్నాడు పెద్దిరాజు. "నా నంబరు నుంచెళ్ళింది కదా."

సత్యనారాయణమ్మ మళ్ళీ చింతపండు ముందు కూర్చుంది గానీ చెయ్యి పెట్టలేదు.

సలోమి గంగబాబు నంబరు అడిగి తన ఫోన్లో వేసుకుంది. ఫొటో కింద తనెవరో రాసి, మళ్ళీ పంపింది. దానికీ ఒక టిక్కే పడింది.